మాస్టారి కంప్యూటరు, పిన్ని కళ్ళు

కరుణాకర్ ఇప్పుడు ఏ బడిలోనూ పాఠం చెప్పడం లేదు. అయినా పర్చూరులో ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. తండ్రి జక్రయ్య పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంటలు వేసే పని చేసి కొడుకుని బీఈడీ దాకా చదివించాడు. ఆ కొడుకు హైస్కూల్లో సాంఘికశాస్త్రం మాస్టారై, బోర్డు మీద దేశపటం ఎక్కడా ఆగకుండా గీసేవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన కళ్ళు ఒక్కసారిగా పోలేదు. ముందు పక్కచూపు తగ్గింది. కిటికీ వైపు కూర్చున్న పిల్లలు చెయ్యెత్తితే కనిపించేవాళ్ళు కాదు. సైకిలు మీద వెళుతుంటే పక్కనుంచి ఆటో వచ్చి మీద పడ్డట్టే ఉండేది. గ్లకోమా అని డాక్టర్లు తేల్చేసరికి బాగా ఆలస్యమైంది. గుంటూరులో ఆపరేషన్లు చేయించుకున్నారు. కొన్నాళ్ళు వెలుగేదో చీకటేదో తెలిసేది. తర్వాత అదీ తెలియకుండా పోయింది.

ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో పలకరించడానికి చాలామంది వచ్చేవారు. గుమ్మంలో అడుగు పెడుతూనే "అయ్యో మాస్టారూ" అని మొదలుపెట్టేవారు. వాళ్ళది ప్రేమేనని ఆయనకి తెలుసు. అయినా ఆ మాట వింటే ఒళ్ళు ముడుచుకుపోయేది. భార్య జెస్సీ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి వెళ్ళగానే ఆయన తలుపుకి లోపల గడియ పెట్టుకునేవారు.

ఆ గడియ సంగతి కనిపెట్టింది కూడా జెస్సీయే. ఏమీ అనకుండా నాలుగు చోట్ల వాకబు చేసి, చూపు లేనివాళ్ళకి కంప్యూటరు నేర్పే శిక్షణ విజయవాడలో ఉందని తెలుసుకుంది. "నాకెందుకు జెస్సీ ఇప్పుడు" అంటున్నా వినకుండా బస్సెక్కించి తీసుకెళ్ళి దిగబెట్టింది. అక్కడ మాస్టారు వేళ్ళతో అక్షరాలు వెతుక్కోవడం నేర్చుకున్నారు. తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుతో పని చేయడం నేర్చుకున్నారు. తిరిగొచ్చేసరికి, తోటి నర్సు ద్వారా గుంటూరు పక్కన నల్లపాడులో ఒక షాపులో చెప్పి చేయించిన కంప్యూటరు ఇంట్లో బల్ల మీద సిద్ధంగా ఉంది.

కంప్యూటరులోంచి వచ్చే ఆ గొంతు వింటే మొదట్లో ఆయనకి నవ్వొచ్చేది. రేకుడబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుండేది. తెలుగు మాటల్ని ఎక్కడ పడితే అక్కడ విరిచేది. కానీ ఆయన ఏ అక్షరం కొట్టినా వెంటనే పలికేది, తప్పు కొడితే తప్పే పలికేది. జాలి పడేది కాదు. అది ఆయనకి బాగా నచ్చింది. పెళ్ళి పత్రికల మాటలు, అర్జీలు, పాస్టర్ల ప్రసంగాలు ఎవరు ఏది చెప్పినా టైపు చేసి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆ మధ్య మాస్టారి సొంత ఊరి చర్చి పాస్టరు ప్రసన్నకుమార్ ఒక పని అప్పజెప్పారు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పిన చర్చి పాత ముచ్చట్లని ఆయన ఫోనులో రికార్డు చేసుకున్నారు. అవి విని టైపు చేస్తే చిన్న పుస్తకం వేయిస్తామన్నారు. ఇంత పెద్ద పని తన చేతికి రావడం మాస్టారికి బడి వదిలాక అదే మొదలు. ఒక్కొక్కరి మాటలు ముందు మొత్తం వినేవారు. కళ్ళు మూసుకునే అలవాటు పోలేదు, మూసుకునే వినేవారు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి టైపు చేసేవారు.

అక్కడే చిక్కొచ్చింది.

రెబ్కా అనే ముసలావిడ మాటలు చాలా పొడుగ్గా ఉన్నాయి. అప్పటికి సగం టైపు చేసి, మిగతాది వినడానికి కూర్చున్నారు. విని ఇటు తిరిగి మీట నొక్కితే కంప్యూటరు పలకలేదు. ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే కంప్యూటరు నిద్రపోతుందని, ఏ మీట నొక్కినా లేస్తుందని శిక్షణలో చెప్పారు. అంతకుముందు అలాగే లేచేది కూడా. ఇప్పుడు లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది గానీ గొంతు లేదు. స్పీకరు గుండీ చివరిదాకా తిప్పారు. అయినా లేదు. ఏం చేయాలో తోచక పవరు బటను గట్టిగా నొక్కిపట్టి ఆపేసి, మళ్ళీ ఆన్ చేశారు. గొంతు వచ్చింది. కానీ రెబ్కమ్మ మాటల్లో సేవ్ చేయని భాగం పోయింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నడుస్తున్నంతసేపు బాగానే నడుస్తుంది. నిద్రపోయిందంటే మాత్రం మళ్ళీ పలకదు. వింటూ వింటూ మధ్యలో చెయ్యి చాచి ఒక మీట నొక్కడం అలవాటు చేసుకున్నారు. అలా చేస్తే వినేదాని మీద మనసు నిలవదు. ఏదో ఒక పూట మర్చిపోయేవారు, అది కాస్తా నిద్రపోయేది.

జెస్సీకి చెప్పలేదు. ఎండలు ముదరకముందే ఊళ్ళో జ్వరాలు మొదలై ఆమె అలిసిపోయి వస్తోంది. పైగా ఎంతో పట్టుదలతో ఆమె తెప్పించిన కంప్యూటరది. పాస్టరుగారికి ఫోన్ చేసి ఈ పని ఇంకెవరికైనా ఇవ్వమని చెబుదామని రెండుసార్లు అనుకుని ఆగారు. చివరికి ఒక మధ్యాహ్నం, కంప్యూటరు మళ్ళీ మూగబోయాక, స్పీకరు గుండీ ఇంకోసారి చివరిదాకా తిప్పి చూసి, ఆ షాపు నంబరుకి ఫోన్ చేశారు.

ఫోనెత్తినాయన పేరు శ్యామ్ సుందర్. ఆయనే షాపు యజమాని. అటు ఎవరో గిరాకీలు మాట్లాడుతున్నారు.

"చెప్పండి సార్, స్లీప్‌లోకి వెళ్ళి లేవట్లేదా? ఇప్పుడు స్క్రీన్ మీద ఏం కనపడుతోంది?"

"నాకు కనపడదండి" అన్నారు మాస్టారు.

"బ్లాంక్‌గా ఉందా సార్?"

"అది కాదండి. నాకు చూపు లేదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేరుతో వాడుకుంటాను."

అందరూ అనే ఆ "అయ్యో" కోసం మాస్టారు మనసు గట్టి చేసుకుని కూర్చున్నారు.

"సరే సార్" అన్నాడు శ్యామ్ సుందర్. "అయితే మీకేం వినపడుతోందో చెప్పండి."

ఆ మాట ఎంతో మామూలుగా అన్నాడు. మాస్టారు పూసగుచ్చినట్టు చెప్పారు. నిద్రలో ఉన్నప్పుడు ఏ చప్పుడూ ఉండదని, మీట నొక్కగానే లోపల టిక్కుమంటుందని, ఫ్యాను ముందు జోరుగా తిరిగి తర్వాత నెమ్మదిస్తుందని.

"ఫ్యాను నెమ్మదించిందంటే లేస్తున్నట్టే సార్. పూర్తిగా లేచిందో లేదో చూడాలి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలగాలి. అది చూసి చెప్పడానికి పక్కన ఎవరైనా ఉన్నారా?"

ఇంట్లో ఎవరూ లేరు. కానీ పైన డాబా మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అది ఎదురింటి వెంకటరావమ్మ. మిరపకాయల సీజన్లో తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఇంటి కారానికని తెచ్చుకున్న కాయలు మాస్టారి డాబా మీద ఎండబోసుకుంటానని జెస్సీని అడిగింది. బయటి మెట్ల మీదుగా వస్తుంది, కాయలు తిరగేసుకుని వెళుతుంది. ఆమె వచ్చిందని మాస్టారికి కాయల ఘాటుకి వచ్చే తుమ్ములే చెబుతాయి. ఆమె పుట్టిల్లూ మాస్టారి ఊరే. ఆ వరసన పిన్ని అవుతుంది. అయినా గడియ తీసి ఆమెతో మాట్లాడిన రోజు లేదు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని చెప్పి, మాస్టారు గడియ తీసి, గోడ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళారు.

"పిన్నీ!"

"ఏంది మాస్టారూ? కాయలేమన్నా గాలికి కింద పడ్డయ్యా?"

"కాయలు కాదు. మీ కళ్ళతో పనుంది. ఒకసారి లోపలికి వస్తారా?"

"నా కళ్ళా? ఆడేముంది నాయనా, అంతా చత్వారం! ఉండు, జోడు తెచ్చుకుంటా."

కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది గానీ గుమ్మం దగ్గర ఆగింది. "నా చేతులకి కారం మాస్టారూ. మీ మిషన్ని నేను ముట్టుకోను. చూసి చెప్పమంటే చెబుతా. ఇంగ్లీషు మాత్రం నాకు రాదు. తెలుగంటే రాత్రిబడిలో కూడబలుక్కుని నేర్చుకున్నా."

"ముట్టుకోనక్కర్లేదు. కనపడింది కనపడినట్టు చెప్పండి చాలు" అని మాస్టారు ఫోను స్పీకరులో పెట్టి క్యాప్స్ లాక్ నొక్కారు.

"ఇదిగో, చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కు. ఆఁ, ఆరిపోయింది."

"సూపర్ అమ్మా!" అన్నాడు శ్యామ్ సుందర్ ఫోన్లోంచి. "అంటే కంప్యూటర్ బతికే ఉంది. ఇప్పుడు మానిటర్ చూడండి."

మానిటరు ఆపేసి ఉంది. దుమ్ము పడకుండా దాని మీద తువ్వాలు కప్పి ఉంది. మాస్టారికి దానితో పనేముంది? పాతది పాడైతే క్రిస్మస్‌కి జెస్సీ తమ్ముడు ఏసుబాబు ఒంగోలు నుంచి ఈ కొత్తది, పెద్దది తెచ్చి బిగించి వెళ్ళాడు. ఆదివారం ఆరాధన అందులో చూడొచ్చని జెస్సీ ముచ్చట పడింది. మాస్టారు తువ్వాలు తీసి, తడుముకుని బటను నొక్కారు.

"అబ్బో" అంది వెంకటరావమ్మ. "సముద్రం మాస్టారూ. ఒడ్డున కొండలు. పైన గడియారం."

మాస్టారి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. కంప్యూటరు లేచింది. ఇన్నాళ్ళూ తను బటను నొక్కిపట్టి చంపేసిన ప్రతిసారీ అది లేచే ఉంది.

"లేచింది సార్" అన్నారు ఫోన్లో. "లేస్తోంది. కానీ మాట్లాడట్లేదు."

"అంటే ప్రాబ్లం స్లీప్‌ది కాదు సార్, సౌండ్‌ది. పాస్‌వర్డ్ కొట్టగలరా?"

మాస్టారు కొట్టారు. "చుక్కలు పడతన్నయ్... సముద్రం పోయింది. నీలం రంగొచ్చింది. చిన్న చిన్న బొమ్మలు వరసగా" అంటూ పిన్ని క్రికెట్ కామెంటరీలా చెప్పుకుపోయింది. శ్యామ్ సుందర్ ఒక్కొక్క అక్షరం చెబుతుంటే మాస్టారు కొట్టి ఎంటర్ నొక్కారు. కంప్యూటరుకి ఉన్న స్పీకర్లన్నీ చూపించే పెట్టె తెర మీద తెరుచుకుంది.

"అమ్మా, అందులో ఏమేం బొమ్మలున్నాయి?"

"పైన స్పీకరు బొమ్ముంది. దాని కింద టీవీ బొమ్మ. టీవీ మీద పచ్చగా టిక్కుంది."

"సార్, ఇప్పుడు కీబోర్డు మీద పైకీ కిందకీ బాణాలు నొక్కుతూ ఉండండి. అమ్మా, ఏమైనా కదిలితే చెప్పండి."

మాస్టారు నొక్కారు. గదిలో మీటల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎగరతన్నయ్!" అంది వెంకటరావమ్మ గట్టిగా. "టీవీ బొమ్మ పక్కన పచ్చ గీతలు! నువ్వు నొక్కినప్పుడల్లా పైకి లేచి కింద పడతన్నయ్ మాస్టారూ. మనిషి మాట్లాడతంటే నోరు ఆడినట్టు. స్పీకరు బొమ్మ పక్కన మాత్రం ఏం లేదు."

"ఆ టీవీ బొమ్మ పక్కన పేరు చదవగలరా?"

"ఇంగ్లీషు గదయ్యా. ఎట్టుందో చెబుతా. రెండు గుంజలు పాతి మధ్యలో అడ్డకర్ర కట్టినట్టుంది మొదటిది."

"హెచ్" అన్నారు మాస్టారు.

"తర్వాతది నిలువు కర్రకి పొట్టొచ్చినట్టు."

"డి."

"రెండు గుంజల మధ్య పందిరి లోపలికి కుంగినట్టు. ఆ తర్వాత ఒంటి గుంజ."

"ఎమ్, ఐ. హెచ్‌డీఎమ్ఐ!" మాస్టారు కుర్చీలో ముందుకి వంగారు.

శ్యామ్ సుందర్ నవ్వేశాడు. "దొరికింది సార్. కొత్త మానిటర్ కేబుల్ అది. బొమ్మతో పాటు సౌండ్ కూడా మోస్తుంది. కంప్యూటర్ నిద్రలేచిన ప్రతిసారీ మానిటర్ కొత్తగా వచ్చిందనుకుని గొంతు అటు పంపుతోంది. ఆ మానిటర్‌కేమో స్పీకర్లు లేవు. మీ సాఫ్ట్‌వేర్ మాట్లాడుతూనే ఉంది సార్, మీ దాకా రావట్లేదు."

తర్వాత పని తేలిగ్గానే అయింది. పిన్ని చెబుతుంటే మాస్టారు బాణం మీటతో నీలం పట్టీని టీవీ బొమ్మ మీదకి తెచ్చారు. శ్యామ్ సుందర్ చెప్పిన మీటలు నొక్కి ఆ దారి మూసేశారు.

మూసీ మూయగానే గది దద్దరిల్లేలా గొంతు అరిచింది. స్పీకరు గుండీ చివరిదాకా తిప్పి ఉన్న సంగతి మాస్టారికి గుర్తు లేదు.

"అమ్మో! ఎవరది!" అని వెంకటరావమ్మ గుమ్మం దాకా పరిగెత్తింది. మాస్టారు గుండీ తగ్గిస్తూ నవ్వడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపుకోలేకపోయారు. అటు ఫోన్లో శ్యామ్ సుందర్, ఇటు గుమ్మంలో పిన్ని కూడా నవ్వారు.

"ఉండండి సార్, మళ్ళీ ఒకసారి నిద్రపుచ్చి లేపి చూద్దాం. అది చూడకుండా నేను ఫోన్ పెట్టను" అన్నాడు శ్యామ్ సుందర్. అక్కడ గిరాకీలు పిలుస్తున్నా పెట్టలేదు. నిద్రపుచ్చారు. ఫ్యాను ఆగింది. మాస్టారు మీట నొక్కారు. టిక్కుమంది, ఫ్యాను జోరుగా తిరిగి నెమ్మదించింది, రేకుడబ్బా గొంతు టైమెంతయిందో చెప్పింది. వింటున్నప్పుడు ఊరికే నిద్రపోకుండా ఆ గడువు ఎలా పెంచుకోవాలో కూడా శ్యామ్ సుందర్ చెప్పాడు. గొంతు ఉంది కాబట్టి ఆ పని మాస్టారు ఒక్కరే చేసుకున్నారు.

"మీ మేలు మర్చిపోనండి" అన్నారు మాస్టారు.

"నేనేం చేశాను సార్? చూసింది అమ్మ, చేసింది మీరు. మళ్ళీ ఏదైనా అయితే మొహమాటపడకుండా చేయండి."

ఫోన్ పెట్టేశాక మాస్టారు వంటింట్లోకి వెళ్ళి కుండలోని మజ్జిగ గ్లాసులో పోసి తెచ్చి ఇచ్చారు. వెంకటరావమ్మ తాగి, గ్లాసు కింద పెడుతూ అంది: "ఒక మాటడగనా మాస్టారూ? మూడేళ్ళ నుంచీ మీ డాబా ఎక్కుతున్నా. ఎప్పుడూ గడియే. పలకరిస్తే విసుక్కుంటారేమోనని నోరు మూసుకుని దిగిపోయేదాన్ని."

"విసుక్కునేవాణ్ణేమో పిన్నీ. కానీ ఇవాళ మీరు రాకపోతే నేను ఈ పని వదిలేసేవాణ్ణి."

సాయంత్రం జెస్సీ వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఏమైందోనని కంగారుగా లోపలికి వచ్చింది. మాస్టారు మొదటి నుంచీ అంతా చెప్పారు. "నాకు ముందే చెప్పొచ్చు కదండీ" అని కాసేపు అలిగింది. అంతలోనే ఆయన అడిగిన దానికి ఆశ్చర్యపోయింది.

"పదిమందినీ పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడదాం జెస్సీ."

"కంప్యూటరు బాగైనందుకా? జనం నవ్వుతారండీ! కొత్త ఇల్లు కడితే పెడతారు, పిల్లలకి ఉద్యోగం వస్తే పెడతారు."

"నవ్వనీ. నవ్వడానికైనా వస్తారుగా."

శనివారం సాయంత్రం ఇంటి ముందు కుర్చీలు వేశారు. పాస్టరు ప్రసన్నకుమార్ వచ్చారు. సందులో వాళ్ళంతా వచ్చారు. షాపు త్వరగా కట్టేసి గుంటూరు నుంచి శ్యామ్ సుందర్ కూడా బండి మీద వచ్చాడు. "నమస్తే సార్" అనగానే గొంతు గుర్తుపట్టి మాస్టారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. వెంకటరావమ్మ పండుమిరప పచ్చడి జాడీతో వచ్చి, వెనక నిలబడబోతే జెస్సీ తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

పాట పాడి, ప్రార్థన చేశాక, మాస్టారు లేచి, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యం చెప్పారు.

"నా చూపు పోయినప్పుడు నా కోసం చాలామంది ఏడ్చారు. వాళ్ళకి నేను ఎప్పుడూ థ్యాంక్స్ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. మా జెస్సీ ఏడవడం మానేసి నన్ను బస్సెక్కించింది. ఆమెకి చెబుతున్నాను. మొన్న, ముఖం ఎరగని ఒకాయన మీకేం వినపడుతోందని నన్నడిగారు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మా పిన్ని తనకి రాని అక్షరాలు నాకు చదివి పెట్టింది. దేవుడు నాకు ఇంతమందిని ఇచ్చాడు. నేను లెక్క చూసుకోలేదు, అంతే."

జెస్సీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరూ నవ్వలేదు.

"అమ్మా, మీరు కూడా రెండు మాటలు" అన్నారు పాస్టరు గారు వెంకటరావమ్మతో.

"నాకేం మాటలొస్తయ్యయ్యా" అంటూనే ఆమె లేచింది. "మాస్టారు టైపు కొడతన్న ఆ రెబ్కమ్మ మాటలు మిషన్లో నాకు వినిపించారు. అందులో ఒకటి తప్పుంది. డెబ్బైఏడు తుఫానుకి మీ గుడి పడిపోయినాక, గోడకి మట్టి మోసింది మీ పేటోళ్ళు మాత్రమే అని చెప్పింది. పేటోళ్ళం కాకపోయినా మా అమ్మా నేనూ కూడా మోశాం. నాకప్పుడు ఓణీల వయసు. రెబ్కమ్మే నా నెత్తిన తట్ట పెట్టేది. ముసలిదైపోయింది, మర్చిపోయింది పాపం."

జనంలో చిన్నగా కదలిక. పాస్టరు గారు తన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నారు. జేబులోంచి ఫోను తీశారు.

"మొత్తం చెప్పండమ్మా. పుస్తకంలో వేస్తాం."

"నేను మీ గుడి మనిషిని కాదు గదయ్యా."

"గోడకి మట్టి మోశారు కదా" అన్నారు మాస్టారు. "చెప్పండి పిన్నీ. నేను టైపు చేస్తాను."

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తుఫాను వెలిసిన మర్నాడు, నడుం లోతు నీళ్ళలో తల్లి వెనకే పేటలోకి నడిచిన సంగతితో మొదలుపెట్టింది. వడ్డించడానికి లోపలికి వెళ్ళబోయిన జెస్సీ గుమ్మంలోనే ఆగి వింటూ నిలబడింది.